చచ్చిన రౌటరు నోరు విప్పించడం: ఎసింక్రనస్ సీరియల్‌పై సమగ్ర మార్గదర్శి

రౌటరులో కొత్త ఫర్మ్‌వేర్ (దానిని నడిపించే లోపలి ప్రోగ్రామ్) ఎక్కిస్తున్నాను. సగం దాటాక కరెంటు పోయింది. ఇన్వర్టరు ఉన్న గదిలో చేయవలసిన పని అని తెలియక కాదు, బద్ధకం. కరెంటు తిరిగి వచ్చేసరికి పవర్ దీపం ఒక్కటే వెలుగుతోంది. వైఫై పేరు కనిపించదు. కేబుల్ గుచ్చితే ఐపీ చిరునామా ఇవ్వదు. రీసెట్ బొత్తాం ఎంతసేపు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. నెట్‌వర్క్ ద్వారా మాత్రమే మాట్లాడే పెట్టెకు ఆ నెట్‌వర్కే పోతే ఇక దానిని పలకరించేది ఎలా?

మూత విప్పితే సర్క్యూట్ బోర్డు అంచున వరుసగా నాలుగు చిన్న రంధ్రాలు కనిపించాయి. అదే సీరియల్ కన్సోల్, బిట్లను ఒకదాని వెనుక ఒకటిగా పంపుతూ పరికరంతో నేరుగా మాట్లాడే దారి. దానికి ఐపీ చిరునామా అక్కరలేదు, పాస్‌వర్డు పేజీ అక్కరలేదు, ఆపరేటింగ్ సిస్టమ్ నిద్ర లేవడం కూడా అక్కరలేదు. చిప్‌కు కరెంటు అందిన కొద్ది క్షణాలకే బూట్‌లోడర్ (పరికరాన్ని నిద్రలేపే మొదటి ప్రోగ్రామ్) ఆ రంధ్రాల గుండా తన గోడు చెప్పుకోవడం మొదలుపెడుతుంది. వినేవాళ్లు ఉండాలి, అంతే.

ఆ వినడం ఎలాగో ఈ వ్యాసంలో అడుగడుగునా చూద్దాం. వైర్లు కలపడం పది నిమిషాల పని. వాటిలో ఏం జరుగుతోందో తెలియకపోతే మాత్రం మొదటి పిచ్చి అక్షరం కనిపించగానే చేతులెత్తేస్తాం. అందుకే ముందు సిద్ధాంతం కొంచెం ఓపికగా చెబుతాను.

క్లాక్ తీగ లేకుండా ఎలా కుదురుతుంది?

రెండు చిప్‌లు బిట్లు మార్చుకోవడానికి ఒక పద్ధతి, డేటా తీగ పక్కనే క్లాక్ తీగ కూడా వేయడం. క్లాక్ ఒకసారి కొట్టుకుంటే ఒక బిట్ చదవాలి. ఎస్‌పీఐ, ఐ2సీ ఇలా పనిచేస్తాయి. దీనిని సింక్రనస్ అంటారు. ఎసింక్రనస్‌లో ఆ క్లాక్ తీగ ఉండదు. పంపేవాడికి ఒక గడియారం, అందుకునేవాడికి మరొకటి. రెండూ వేర్వేరు క్రిస్టళ్ల (గడియారానికి లయ ఇచ్చే స్ఫటికాల) మీద నడుస్తాయి, ఒకదాని ముఖం ఒకటి చూడదు.

కచేరీలో అందరికీ వినిపించేలా ఒకరు తాళం వేస్తుంటే అది సింక్రనస్. తాళం వేసేవారు లేక, ‘ఇదిగో ఎత్తుకుంటున్నాను’ అని ఒక్క సైగ చేసి, ఆపైన ఎవరి మనసులో వారు పది అక్షరాలు లెక్కపెట్టుకుంటే అది ఎసింక్రనస్. పది అయ్యాక మళ్లీ సైగ, మళ్లీ పది. లెక్కలో చిన్న తేడా వచ్చినా తరువాతి సైగకు సర్దుకుంటుంది. (ఝంపె తాళానికీ సరిగ్గా పది అక్షరాలే, ఏడు, ఒకటి, రెండుగా. మన తాళం మాత్రం ఒకటి, ఎనిమిది, ఒకటి.)

పని ఇలా జరుగుతుంది. మాటలు లేనప్పుడు తీగ మీద ఎప్పుడూ 1 ఉంటుంది, అంటే వోల్టేజి పైన ఉంటుంది. పంపేవాడు దానిని ఒక్కసారిగా కిందికి లాగుతాడు. ఆ 0 స్టార్ట్ బిట్, అదే సైగ. దాని వెనుక ఎనిమిది డేటా బిట్లు వస్తాయి, అన్నిటికంటే తక్కువ విలువ గల బిట్ ముందు. ఆ తరువాత తీగ మళ్లీ పైకి, 1కి చేరుతుంది. అది స్టాప్ బిట్. ఈ మొత్తం కట్టను ఫ్రేమ్ అంటారు. ఆంగ్లంలోని పెద్ద ‘ఏ’ అక్షరం విలువ ఆస్కీలో (అక్షరాలకు అంకెలు కేటాయించే పట్టికలో) 65, బైనరీ లెక్కలో 01000001. తీగ మీద అది ఇలా కనిపిస్తుంది:

0 – 1 0 0 0 0 0 1 0 – 1

డేటా భాగం తిరగేసి ఉంది, గమనించండి. వోల్టేజి మార్పులను గీతగా చూపే ఆసిల్లోస్కోప్ తెర మీద మొదటిసారి చూసినప్పుడు చాలామంది తడబడేది ఇక్కడే.

ఈ ఏర్పాటును ‘8-ఎన్-1’ అంటారు. ఎనిమిది డేటా బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్. పారిటీ పెడితే డేటా తరువాత మరో బిట్ చేరి, 1ల సంఖ్యను సరిసంఖ్యగానో బేసిగానో సర్దుతుంది. ఒక బిట్ చెడితే పట్టుకుంటుంది. రెండు చెడితే ఏమీ తెలియనట్లు ఊరుకుంటుంది. నేటి కన్సోళ్లలో పారిటీ దాదాపు కనిపించదు, కర్మాగారాల పరికరాల్లో మాత్రం ఇంకా ఉంది.

వేగాన్ని బాడ్‌లో కొలుస్తారు. 1870లలో అయిదు బిట్ల టెలిగ్రాఫ్ కోడ్ తయారుచేసిన ఫ్రెంచి ఇంజనీరు ఎమీల్ బోదో పేరు మీద వచ్చిన మాట అది. 9600 బాడ్ అంటే ఒక్కో బిట్‌కు సుమారు 104 మైక్రోసెకన్లు. అక్షరానికి పది బిట్లు కాబట్టి సెకనుకు 960 అక్షరాలు. 115200 దగ్గర బిట్ 8.68 మైక్రోసెకన్లకు కుంచించుకుపోతుంది, సెకనుకు 11520 అక్షరాలు వస్తాయి. పదింట రెండు బిట్లు కేవలం సైగలకే పోతున్నాయి. క్లాక్ తీగ ఆదా చేసుకున్నందుకు కట్టే సుంకం ఇది.

తెలుగు అక్షరాల సంగతేమిటి? అన్ని లిపులనూ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘అ’ ఒక్కటే మూడు బైట్లు: 224, 176, 133. అంటే మూడు స్టార్ట్ బిట్లు, మూడు స్టాప్ బిట్లు, మొత్తం 30 బిట్ల కాలం. ‘తెలుగు’ అనే మాటలో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు, 18 బైట్లు. 9600 వేగంతో అది తీగ దాటడానికి దాదాపు 19 మిల్లీసెకన్లు పడుతుంది. ఎవరైనా డేటా బిట్లు ఏడుకు తగ్గించారనుకోండి. ప్రతి బైట్‌లోనూ పై బిట్ తెగిపోయి ‘అ’ కాస్తా 96, 48, 5 అవుతుంది: ఒక వాలు కొటేషన్ గుర్తు, ఒక సున్న, తెర మీద కనిపించని ఒక సంకేతం. ఏడు బిట్ల ఆస్కీ తయారైన 1960లలో మన లిపి ఎవరి లెక్కలోనూ లేదు మరి.

తేడా ఎంతవరకు చెల్లుతుంది?

అందుకునే చిప్‌లోని యూఆర్ట్ అనే విభాగం మామూలుగా ఒక్కో బిట్ కాలాన్ని పదహారు ముక్కలు చేసి తీగను చూస్తుంది. తీగ కిందికి జారిన క్షణం నుంచి ఎనిమిది ముక్కలు లెక్కపెడితే స్టార్ట్ బిట్ నడిమధ్యకు వస్తుంది. అక్కడా 0 ఉంటే అది నిజమైన సైగ, లేకపోతే విద్యుత్ చప్పుడు. అక్కడి నుంచి ప్రతి పదహారు ముక్కలకు ఒకసారి, అంటే ప్రతి బిట్ నడిమధ్యలో, విలువ చదువుకుంటుంది.

స్టాప్ బిట్ మధ్యభాగం సైగ నుంచి తొమ్మిదిన్నర బిట్ల దూరంలో ఉంటుంది. అక్కడికి చేరేలోపు ఇద్దరి గడియారాల మధ్య తేడా అర బిట్ దాటకూడదు. అరను తొమ్మిదిన్నరతో భాగిస్తే 5.26 శాతం. స్టార్ట్ బిట్‌ను పసిగట్టడంలో ఒక ముక్క ఆలస్యం కావచ్చు, తీగ అంచులు వంకరగా ఉండవచ్చు. అవన్నీ తీసేస్తే ఒక్కో పక్షం రెండు శాతం లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు.

క్రిస్టల్ ఉన్న పరికరానికి రెండు శాతం సులువే కదా అనిపిస్తుంది. చిక్కు క్రిస్టల్‌తో కాదు, భాగహారంతో. 16 మెగాహెర్ట్జ్‌తో నడిచే ఆర్డుయినో యూనో అనే చిన్న బోర్డును తీసుకోండి. 16 ముక్కల పద్ధతిలో 115200 కావాలంటే 8.68తో భాగించాలి. చిప్‌కు పూర్ణ సంఖ్యలే తెలుసు. 9తో భాగిస్తే వేగం 111111, తేడా మూడున్నర శాతం. ఎనిమిది ముక్కల పద్ధతికి మారితే 17తో భాగించి 117647 తెచ్చుకోవచ్చు, తేడా 2.1 శాతం. అంచు మీద నడక అన్నమాట. పాత పీసీల సీరియల్ కార్డుల మీద 1.8432 మెగాహెర్ట్జ్ అనే వింత క్రిస్టల్ అందుకే ఉండేది. దానిని 16తో భాగిస్తే సరిగ్గా 115200 వస్తుంది, ఆపైన 12తో భాగిస్తే 9600.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఈఎస్‌పీ8266 వైఫై చిప్‌ది. చవకైన స్మార్ట్ ప్లగ్గుల్లో, సెన్సర్లలో విరివిగా కనిపిస్తుంది. ఆన్ చేయగానే అది పలికే మొదటి మాటలు 74880 బాడ్‌లో వస్తాయి. మామూలు వేగాల వరుసలో లేని ఈ అంకె ఎక్కడిది? చిప్‌లోని శాశ్వత ప్రోగ్రామ్ 40 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉందనుకుని 115200కు లెక్కవేస్తుంది. బోర్డు మీద ఉండేది ఎక్కువగా 26 మెగాహెర్ట్జ్. 115200ను 40తో భాగించి 26తో గుణించండి: 74880.

అడుగు 1: వోల్టేజి తేల్చుకోండి

ఇది దాటవేస్తే పరికరం కాలిపోవచ్చు. నేను ఒకసారి 5 వోల్టుల అడాప్టర్‌ను 3.3 వోల్టుల బోర్డుకు తగిలించాను. ఆ బోర్డు ఆ రోజు నుంచి మాట్లాడుతుంది గానీ వినదు.

బిట్ల వరుస ఒకటే అయినా వాటిని మోసే వోల్టేజి పలు రకాలు. రౌటరు బోర్డు లోపల 3.3 వోల్టులంటే 1, సున్న వోల్టులంటే 0. కొన్ని కొత్త చిప్‌లకు 1.8 వోల్టులే. పాత పీసీ వెనుక ఉండే తొమ్మిది పిన్నుల పోర్టు, ఆఫీసు స్విచ్‌ల కన్సోల్ పోర్టు ఆర్‌ఎస్-232 ప్రమాణానివి. 1960లో పుట్టిన ఆ ప్రమాణంలో లెక్క తలకిందులు: మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు అంటే 1, ప్లస్ 3 నుంచి ప్లస్ 15 అంటే 0. దానిని నేరుగా రౌటరు బోర్డు పిన్నుకు తగిలిస్తే అసలుకే ఎసరు.

కాబట్టి బోర్డు లోపలి రంధ్రాలకు 3.3 వోల్టుల యూఎస్‌బీ-టీటీఎల్ అడాప్టర్ (టీటీఎల్ అంటే బోర్డు లోపలి ఈ తక్కువ వోల్టేజి రకం) కావాలి. బయటి కన్సోల్ పోర్టుకు యూఎస్‌బీ-ఆర్‌ఎస్-232 కేబుల్ కావాలి. రెండూ ఒకటి కావు, చూడడానికి చుట్టాల్లా ఉన్నా సరే. టీటీఎల్ అడాప్టర్లలో సీహెచ్340, సీపీ2102, ఎఫ్‌టీ232 చిప్‌లు ఎక్కువగా దొరుకుతాయి. కొన్నింటి మీద 3.3కు, 5కు మధ్య మార్చే చిన్న జంపరు ఉంటుంది. కొన్న రోజునే దానిని 3.3 వైపు పెట్టి, మల్టీమీటరుతో టీఎక్స్ పిన్ను వోల్టేజి కొలిచి చూడండి. జంపరు పక్కన ముద్రించిన అంకెను మాత్రం నమ్మవద్దు.

అడుగు 2: నాలుగు రంధ్రాల్లో ఏది ఏది?

నాలుగూ మామూలుగా ఇవి: గ్రౌండ్, టీఎక్స్ (బోర్డు పంపేది), ఆర్‌ఎక్స్ (బోర్డు వినేది), వీసీసీ (కరెంటు). కొన్ని బోర్డుల మీద పేర్లు ముద్రించి ఉంటాయి. లేకపోతే మల్టీమీటరు చాలు.

మొదట రౌటరు ప్లగ్ పీకేయండి. మీటరును బీప్ మోడ్‌లో పెట్టి, ఒక కొనను చిప్‌ల మీది లోహపు డబ్బాకో ఈథర్నెట్ సాకెట్ లోహపు తొడుగుకో ఆనించండి. రెండో కొనతో నాలుగు రంధ్రాలనూ తాకండి. బీప్ వచ్చినది గ్రౌండ్.

ఇప్పుడు మీటరును డీసీ వోల్టుల మోడ్‌కు మార్చి, నల్ల కొన గ్రౌండ్‌కు పెట్టి, రౌటరుకు కరెంటు ఇవ్వండి. మిగిలిన మూడింటినీ ఒక్కొక్కటిగా చూడాలి, ప్రతిసారీ ఆపి మళ్లీ ఆన్ చేస్తూ. ఆన్ చేసిన క్షణం నుంచి 3.3 దగ్గర బండరాయిలా కదలకుండా నిలిచేది వీసీసీ. బూట్ అవుతున్న మొదటి పది ఇరవై సెకన్లలో 3.3 నుంచి దిగుతూ ఎక్కుతూ గంతులు వేసేది టీఎక్స్. ఎందుకో ఇప్పటికి మీకు తెలిసే ఉండాలి: మాటలు లేనప్పుడు తీగ పైన ఉంటుంది, అక్షరాలు పోతున్నప్పుడు 0లు దానిని కిందికి లాగుతాయి, నెమ్మదైన మీటరు వాటి సగటును చూపుతుంది. మిగిలినది ఆర్‌ఎక్స్.

ఒక హెచ్చరిక. ఇది 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే ఇంటి రౌటర్లకు వర్తిస్తుంది. 230 వోల్టుల తీగ నేరుగా లోపలికి వెళ్లే స్విచ్‌ల మూత తీసి కరెంటు ఉండగా ఇలా కొలవవద్దు. వాటికి ఎలాగూ బయట కన్సోల్ పోర్టు ఉంటుంది.

అడుగు 3: బోర్డు కంటే ముందు అడాప్టర్‌ను పరీక్షించండి

చాలామంది ఈ అడుగు వదిలేసి, తరువాత రెండు గంటలు రౌటరును తిట్టుకుంటారు. అడాప్టర్‌ను కంప్యూటర్‌కు పెట్టి, దాని టీఎక్స్‌నూ ఆర్‌ఎక్స్‌నూ ఒక జంపరు వైరుతో కలిపేయండి. విండోస్‌లో పుట్టీ, లినక్స్‌లో పికోకామ్ లేదా మినీకామ్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్ తెరవండి. వేగం ఏదైనా సరే, 8-ఎన్-1, ఫ్లో కంట్రోల్ (‘ఆగు, పంపు’ అని అవతలివారు చెప్పే ఏర్పాటు) ‘లేదు’. కీబోర్డు మీద టైపు చేస్తే ఆ అక్షరాలే తెర మీదికి రావాలి. వైరు తీయగానే ఆగిపోవాలి. ఇది నెగ్గితే డ్రైవరు, చిప్, ప్రోగ్రామ్ మూడూ బాగున్నట్లే.

లినక్స్‌లో పోర్టు తెరవడానికి అనుమతి లేదని వస్తే, ఉబుంటు, డెబియన్‌లలో మీ యూజరును ‘డయలౌట్’ గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి రండి. ఫోను లైను మీద డయల్ చేసే మోడెముల కాలం నుంచి మిగిలిన పేరు అది. పోర్టు పేరులోని ‘టీటీవై’ ఇంకా పాతది, టెలిటైప్ యంత్రానిది.

అడుగు 4: వైర్లు కలపండి

బోర్డు గ్రౌండ్‌ను అడాప్టర్ గ్రౌండ్‌కు. బోర్డు టీఎక్స్‌ను అడాప్టర్ ఆర్‌ఎక్స్‌కు. బోర్డు ఆర్‌ఎక్స్‌ను అడాప్టర్ టీఎక్స్‌కు. ఒకరి నోరు మరొకరి చెవికి. వీసీసీని ముట్టుకోవద్దు. రౌటరుకు దాని అడాప్టర్ ఉంది, మన యూఎస్‌బీ నుంచి మరో కరెంటు పంపితే రెండు సప్లైలు కొట్టుకుంటాయి.

గ్రౌండ్ వైరు ఎందుకని కొందరు అడుగుతారు. 3.3 వోల్టులు అంటే దేనికంటే 3.3 ఎక్కువ? రెండు పక్షాలకూ సున్న ఎక్కడో ఒకేలా తెలియాలి. గ్రౌండ్ లేకపోతే ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు, ల్యాప్‌టాప్ ఛార్జరు పెడితే ఒకలా, తీస్తే మరోలా ఉంటుంది. అసలు పనిచేయకపోవడం కన్నా ఇది ఎక్కువ సతాయిస్తుంది.

రంధ్రాలకు పిన్నులు టంకం వేయడం మేలు. చేతకాకపోతే పిన్నులను రంధ్రాల్లో కొంచెం ఏటవాలుగా దూర్చి, రబ్బరు బ్యాండుతో బిగించి పని కానివ్వవచ్చు. నేనూ చేశాను, గర్వంగా చెప్పుకునేది కాదు.

అడుగు 5: వేగం కనుక్కోండి, బూట్‌లోడర్‌ను ఆపండి

ఇంటి రౌటర్లలో ఎక్కువ శాతం 115200, 8-ఎన్-1. రాలింక్, మీడియాటెక్ చిప్‌లున్న కొన్నింటిలో 57600. ఆఫీసుల్లో కనిపించే సిస్కో, జునిపర్ పరికరాల కన్సోళ్లు తయారీలో 9600కు పెట్టి వస్తాయి. ముందు 115200 పెట్టి, ప్రోగ్రామ్ తెరిచి ఉంచి, రౌటరును ఆన్ చేయండి. చదవగలిగే మాటలు జలజలా రాలితే అదృష్టం.

చాలా రౌటర్లలో యూ-బూట్ అనే బూట్‌లోడర్ ఉంటుంది. అది మెమరీ ఎంత, ఫ్లాష్ ఎంత అని చెప్పుకుంటూ వచ్చి, ఆటోబూట్ ఆపాలంటే ఏదైనా కీ నొక్కమని ఒకటి రెండు సెకన్ల గడువు ఇస్తుంది. ఆ గడువులో నొక్కాలి. అందుకే రౌటరు స్విచ్ మీద ఒక చెయ్యి, కీబోర్డు మీద ఒక చెయ్యి ఉంచుకోండి. కొన్ని బోర్డులు ఏ కీకీ ఆగవు, ఒక ప్రత్యేక అంకె కావాలంటాయి. అది తెర మీద మెనూలోనే రాసి ఉంటుంది.

ఆగాక మొట్టమొదట ‘ప్రింట్‌ఎన్వ్’ ఆదేశంతో సెట్టింగులన్నీ తెర మీదికి తెప్పించి, ఒక ఫైలులో దాచుకోండి. ఆ తరువాతే మరమ్మతు. కొత్త ఫర్మ్‌వేర్‌ను సీరియల్ తీగ ద్వారానే పంపవచ్చు, కానీ లెక్క చూడండి. 8 మెగాబైట్ల ఫైలు సెకనుకు 11520 బైట్ల చొప్పున పోవాలంటే పన్నెండు నిమిషాలు దాటుతుంది, 57600లో దానికి రెట్టింపు. అందుకే సీరియల్‌ను ఆదేశాలు ఇవ్వడానికే వాడుకుని, ఫైలును ఈథర్నెట్ కేబుల్ మీద టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైలు బదిలీ పద్ధతితో లాగించడం రివాజు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటరు ఫర్మ్‌వేర్ వాడేవారైతే నేరుగా ఫ్లాష్‌లో రాయకుండా, ముందు ర్యామ్‌లో నడిచే రూపాన్ని బూట్ చేసి, అది సరిగా లేచాక అక్కడి నుంచి శాశ్వతంగా ఎక్కించడం క్షేమం. చిరునామాలు, ఆదేశాలు మోడల్‌ను బట్టి మారతాయి, మీ మోడల్ పేజీ పక్కనే తెరిచి పెట్టుకోండి. బూట్‌లోడర్ ఉన్న ఫ్లాష్ భాగాన్ని మాత్రం చెరపవద్దు. అది పోతే ఈ నాలుగు రంధ్రాలూ మూగబోతాయి.

పిచ్చి అక్షరాలను చదవడం

ఈ భాగం కోసమే పైన సిద్ధాంతమంతా చెప్పాను. క్లాక్ తీగ లేని చోట ఇద్దరినీ కలిపి ఉంచేది ముందుగా కుదుర్చుకున్న ఒప్పందం ఒక్కటే. వేగం, బిట్లు, పారిటీ, వోల్టేజి, ఫ్లో కంట్రోల్ అన్నీ అందులోని షరతులు. ఏ షరతు తప్పిందో తెర మీది చెత్తే చెబుతుంది.

మొత్తం చెత్తే వస్తోంది, ఒక్క అక్షరమూ అర్థం కాదు అంటే వేగం తప్పు. ఎటువైపు తప్పో కూడా ఊహించవచ్చు. బోర్డు నెమ్మదిగా పంపుతుంటే మనం వేగంగా చదివితే, వాళ్ల ఒక్క స్టార్ట్ బిట్‌లోనే మన ఫ్రేమ్ మొత్తం మునిగిపోతుంది. 9600ను 115200తో వింటే ఒక్కో బిట్ మనకు 12 బిట్లంత పొడవుగా కనిపిస్తుంది, అప్పుడు సున్న విలువలు, ఫ్రేమింగ్ తప్పులు వరదలా వస్తాయి. అదే మనం నెమ్మదిగా చదివితే చాలా బిట్లు మన చూపు తప్పించుకుంటాయి, పెద్ద వాక్యానికి నాలుగు వింత గుర్తులే దక్కుతాయి. ఆసిల్లోస్కోప్‌గానీ పాతిక డాలర్లలోపు దొరికే లాజిక్ అనలైజర్‌గానీ ఉంటే అన్నిటికంటే సన్నని గంతు వెడల్పు కొలవండి. 8.7 మైక్రోసెకన్లయితే 115200, 17.4 అయితే 57600, 26 అయితే 38400, 104 అయితే 9600.

కొన్ని అక్షరాలు సరిగ్గా, కొన్ని వింతగా వస్తున్నాయంటే వేగం సరైనదే, పారిటీ తేడా. అవతల ఏడు బిట్లు, సరి పారిటీ ఉండి, ఇవతల మనం 8-ఎన్-1 పెట్టామనుకోండి. రెండింటి పొడవూ పది బిట్లే కాబట్టి ఫ్రేమ్ తప్పదు. వాళ్ల పారిటీ బిట్‌ను మనం ఎనిమిదో డేటా బిట్ అనుకుంటాం. ఆంగ్లంలో ఏ, బీ, డీ అక్షరాలలో 1లు రెండేసి ఉంటాయి, అవి చెక్కుచెదరవు. సీలో మూడున్నాయి, దానికి 128 చేరి 67 కాస్తా 195 అవుతుంది. ఈ తీరు ఒకసారి గుర్తుపడితే జన్మలో మరిచిపోరు.

బోర్డు మాటలు వస్తున్నాయి, మనం టైపు చేసినవి అందడం లేదు అంటే మొదట ఫ్లో కంట్రోల్ చూడండి. పుట్టీ కొత్త సెషన్‌లో అది ‘ఎక్స్‌ఆన్, ఎక్స్‌ఆఫ్’ మీద ఉంటుంది. కంట్రోల్-ఎస్ నొక్కితే ప్రవాహం ఆగుతుంది, కంట్రోల్-క్యూ నొక్కితే మొదలవుతుంది. అలవాటుగా ఫైలు సేవ్ చేయబోయి కంట్రోల్-ఎస్ నొక్కి, రౌటరు బిగుసుకుపోయిందని ప్లగ్ పీకినవాళ్లున్నారు. ఇక హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ పెట్టి ఉంటే, రాని వైరు కోసం మన ప్రోగ్రామ్ ఎదురుచూస్తూనే ఉంటుంది. రెండూ ‘లేదు’ అన్నాక కూడా పోకపోతే ఆర్‌ఎక్స్ వైరు చూడండి. కొన్ని బోర్డుల మీద ఆ దారిలో ఒక రెసిస్టరు పెట్టకుండా వదిలేస్తారు.

వాక్యాలు మెట్లు దిగుతున్నట్లు కుడికి జారుతుంటే లైన్ ముగింపు సంకేతాల తేడా, ప్రోగ్రామ్‌లో ఒక టిక్కు చాలు. ప్రతి అక్షరం రెండుసార్లు కనిపిస్తే లోకల్ ఎకో ఆపండి.

చిన్న ఆదేశాలు బాగా పోయి, వంద లైన్ల కాన్ఫిగరేషన్ అతికిస్తే మధ్యలో అక్షరాలు మాయమవుతున్నాయా? అవతలి పరికరం ఒక్కో లైనును జీర్ణించుకునేలోపు మనం కుక్కుతున్నాం. 9600 కన్సోల్‌లో ఫ్లో కంట్రోల్ లేనప్పుడు ఇది మామూలే. టెరా టర్మ్ వంటి ప్రోగ్రామ్‌లలో లైనుకు లైనుకు మధ్య వంద, రెండు వందల మిల్లీసెకన్ల విరామం పెట్టండి. అక్షరం పోయిన లైను తప్పు ఆదేశంగా తిరస్కరణకు గురైతే అదృష్టమే. తప్పు చిరునామాగా అంగీకరిస్తేనే ప్రమాదం.

ఆఫీసు స్విచ్ దగ్గర కొన్ని తేడాలు

లేత నీలిరంగు బల్లపరుపు కేబుల్ గుర్తుందా? ఒక చివర తొమ్మిది పిన్నులు, మరో చివర ఈథర్నెట్ కేబుల్‌లాంటి ఆర్‌జే-45. ఆకారం అదే అయినా కన్సోల్ పోర్టులో పారేది ఈథర్నెట్ కాదు, ఆర్‌ఎస్-232. మామూలు ల్యాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ను కన్సోల్‌కు కలిపి దీపం వెలగలేదని బెంగపడవద్దు, వెలగదు.

ఇక్కడ ఉపయోగపడే సైగ ‘బ్రేక్’. అది అక్షరం కాదు. తీగను ఒక పూర్తి ఫ్రేమ్ కంటే ఎక్కువసేపు కిందికి పట్టి ఉంచడం. స్టాప్ బిట్ రావలసిన చోట కూడా 0 ఉంటుంది కాబట్టి, ఏ డేటాతోనూ దానికి పొరపాటు రాదు. ఎన్నో సిస్కో రౌటర్లలో పాస్‌వర్డు మరిచిపోతే, ఆన్ చేసిన మొదటి నిమిషంలో బ్రేక్ పంపి రామ్‌మాన్ అనే అడుగు స్థాయికి వెళ్లి, కాన్ఫిగరేషన్ రిజిస్టరును హెక్సాలో 2142గా మార్చి, దాచిన సెట్టింగులు చదవకుండా బూట్ చేస్తారు. పని అయ్యాక దానిని 2102కు తిరిగి మార్చాలి. మరిచిపోతే తరువాతి కరెంటు కోతకు రౌటరు ఖాళీ బుర్రతో లేస్తుంది. కన్సోల్ ముందు కూర్చున్నవాడే యజమాని అన్న నమ్మకం మీద ఈ ఏర్పాటంతా నడుస్తుంది. ర్యాక్ గదికి తాళం వేయడం అందుకే.

సీరియల్‌ను నెట్‌వర్క్ మీదికి ఎక్కించినప్పుడు

విద్యుత్ మీటర్లు, పంపు కంట్రోలర్లు ఎక్కువగా ఆర్‌ఎస్-485 మీద నడుస్తాయి. అదే స్టార్ట్ బిట్, అదే స్టాప్ బిట్. వోల్టేజిని మాత్రం రెండు మెలితిప్పిన తీగల మధ్య తేడాగా పంపుతారు. నెమ్మది వేగాల్లో 1200 మీటర్ల వరకు పోతుంది, ప్రామాణిక పరికరాలు 32 ఒకే జతకు వేలాడవచ్చు, రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టాలి. దాని మీద 1979లో మోడికాన్ కంపెనీ తెచ్చిన మోడ్‌బస్ అనే భాష నడుస్తుంది.

దాని సీరియల్ రూపమైన మోడ్‌బస్ ఆర్‌టీయూలో సందేశం ముగిసిందని చెప్పే గుర్తు ఏమీ లేదు. మూడున్నర అక్షరాల కాలం మౌనంగా ఉంటే ముగిసినట్లు. 9600 వద్ద అది దాదాపు 4 మిల్లీసెకన్లు. ఈ బైట్లను ఒక సీరియల్ సర్వర్ పెట్టెతో టీసీపీలోకి (నెట్‌వర్క్ ప్యాకెట్లలోకి) ఎక్కిస్తే, ప్యాకెట్లు బైట్లను భద్రంగా చేరుస్తాయి గానీ వాటి మధ్య మౌనాన్ని మోయవు. ఒక సందేశం రెండుగా చీలవచ్చు, రెండు ఒకటిగా అంటుకోవచ్చు. అందుకే పెట్టెలో ‘మోడ్‌బస్ గేట్‌వే’ అనే ఎంపిక ఉంటే ముడి టీసీపీని కాదని దానినే ఎంచుకోండి. అది సందేశాన్ని పూర్తిగా అర్థం చేసుకుని 502 పోర్టు మీద కొత్త రూపంలో పంపుతుంది. ల్యాప్‌టాప్‌తో పరీక్షించేటప్పుడు ఎఫ్‌టీడీఐ (ఎఫ్‌టీ232 తయారీదారు) అడాప్టర్ డ్రైవరులోని లేటెన్సీ టైమరును, అంటే వచ్చిన బైట్లను ఎంతసేపు పట్టి ఉంచాలో చెప్పేదానిని, కూడా చూడండి. అది మొదట 16 మిల్లీసెకన్లకు పెట్టి ఉంటుంది, 1కి తగ్గిస్తే జవాబులు చురుగ్గా వస్తాయి.

నా రౌటరు విషయానికొస్తే, అది 57600 అడిగింది. మెమరీ బాగుంది, బూట్‌లోడర్ బాగుంది, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) చెక్‌సమ్, అంటే ఫైలు చెడిందో లేదో చెప్పే లెక్క, తప్పిందని మొదటి తెరలోనే చెప్పింది. టీఎఫ్‌టీపీతో ఫైలు వెళ్లడానికి పట్టింది కొన్ని సెకన్లు. మూత బిగించే ముందు లోపలి వైపు చెరగని మార్కర్‌తో రాసుకున్నాను: నాలుగు రంధ్రాల వరుస, 3.3 వోల్టులు, 57600, 8-ఎన్-1, ఆపడానికి 4 నొక్కాలి.